పేరు చివర పొల్లు: మగపిల్లల పొట్టి పేర్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బాబుకి 'రామ్' అని పెట్టాలనుకుంటున్నాం. అది ఒక్క అక్షరం పేరని మావారు, కాదు రెండక్షరాలని మా అత్తగారు అంటున్నారు. మగపిల్లలకు సరి అక్షరాల పేరే పెట్టాలని ఆవిడ పట్టుదల. ఎవరి మాట సరైనది? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ఇద్దరిదీ సరైనదే. లెక్కపెడుతున్న మాటలే వేరు. అక్షరమంటే అచ్చుతో కూడిన పలుకు. 'రామ'లో రెండు అచ్చులున్నాయి కాబట్టి రెండక్షరాలు. ఛందస్సులో ఒక గురువు, ఒక లఘువు, అంటే హగణం. మీ అత్తగారు లెక్కపెడుతున్నది ఈ సంస్కృత పదాన్ని. మీవారు లెక్కపెడుతున్నది నోటితో పలికే 'రామ్'ని. అందులో మకారం పొల్లు, అంటే అచ్చు లేని హల్లు. పొల్లుకు విడిగా లెక్క లేదు, ముందున్న అక్షరానికే చేరిపోతుంది. మిగిలేది ఒక్క గురువు.

ఇప్పుడు వాడుకలో ఉన్న ఒక్క పలుకు పేర్లు చాలావరకు ఇలా వచ్చినవే. సంస్కృతంలో అవి రెండక్షరాల పదాలు: రామ, దేవ, వేద, వీర. హిందీ పలుకుబడిలో చివరి అకారం జారిపోయింది. దేవనాగరిలో ఇప్పటికీ పొల్లు గుర్తు పెట్టరు. 'రామ' అనే రాస్తారు, 'రామ్' అని చదువుతారు. ఆ చదివిన రూపాన్ని మనం విని పొల్లుతో రాసుకుంటున్నాం. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష, పొల్లును ఎక్కువసేపు నిలవనివ్వదు. అందుకే బస్ మనకు బస్సయింది, రోడ్ రోడ్డయింది, రాముడికి 'డు' చేరింది. 'రామ్' అని పేరు పెట్టిన ఇంట్లో వారం తిరక్కుండానే 'రామూ' అన్న పిలుపు వచ్చేస్తుంది. పిలవాలంటే సాగదీయాలి, సాగదీయాలంటే చివర అచ్చు కావాలి.

సరి అక్షరాల మాటకు ఆధారం ఉంది. మగపిల్లల పేరుకు సరి సంఖ్య, ఆడపిల్లల పేరుకు బేసి సంఖ్య అక్షరాలుండాలని ఇంటి సంస్కారాల విధులు చెప్పే ఆశ్వలాయన గృహ్యసూత్రం చెబుతుంది. ప్రతిష్ఠ కోరితే రెండు, బ్రహ్మవర్చస్సు కోరితే నాలుగు అంటుంది. పారస్కర గృహ్యసూత్రమూ రెండో నాలుగో అక్షరాలుండాలని చెప్పి, మొదట ఘోషాక్షరం (గ, జ, ద, బ వంటి నాదమున్న అక్షరం), మధ్యలో య, ర, ల, వలలో ఒకటి ఉండాలంటుంది. 'దేవ' ఈ కొలతకు అచ్చంగా సరిపోతుంది. మీ ఇంట్లో ఈ పట్టింపు ఉంటే, బారసాలనాడు పళ్లెంలో పరిచిన బియ్యం మీద ఉంగరంతో 'రామ' అని పూర్తి రూపం రాయండి, బాబు చెవిలోనూ అదే చెప్పండి. కాగితాల మీద 'రామ్' ఉంచుకోవచ్చు. రెండు మాటలూ నిలబడతాయి.

ఏమీ జారిపోకుండా మొదటి నుంచీ ఒకే పలుకుగా ఉన్న పేరు కావాలంటే 'ఓం' ఉంది. 'ఓమిత్యేకాక్షరం బ్రహ్మ' అని గీత ఎనిమిదో అధ్యాయంలో ఉన్నది దీని గురించే. అకార, ఉకార, మకారాలుగా దాన్ని విడదీసి వివరించింది మాండూక్యోపనిషత్తు.

ప్రశ్న: వేద్, యశ్, తేజ్, నీల్, జయ్, వీర్. ఈ ఆరింటిలో ఒకటి ఎంచుకోవాలి. పేర్ల పట్టికల్లో ఒక్కోచోట ఒక్కో అర్థం ఇస్తున్నారు. అసలు మూలం ఎలా తెలుసుకోవాలి? (దంపతులు, హనుమకొండ)

జవాబు: ముందు పద్ధతి చెబుతాం, ఎందుకంటే రేపు ఏడో పేరు తోచినా ఇదే పనికొస్తుంది. నిఘంటువులో పొల్లుతో వెతికితే ఈ పేర్లు దొరకవు. చివర అకారం చేర్చి చూడండి: 'వేద్' కాదు, 'వేద'. అలా దొరక్కపోతే సకారం చేర్చండి: యశస్, తేజస్. అప్పటికీ దొరక్కపోతే ఆ పదం సంస్కృతం కాకపోవచ్చు. అరబ్బీ, పారశీక మాటేమో చూడాలి. తెలుగులో శబ్దరత్నాకరం, సంస్కృతానికి మోనియర్ విలియమ్స్ నిఘంటువు చాలు. నిఘంటువులో ఎక్కడా లేని అర్థం పట్టికలో మాత్రమే ఉంటే దాన్ని నమ్మకండి.

ఇక మీ పేర్లు. 'వేద'కు ధాతువు 'విద్', అంటే తెలుసుకోవడం. విద్య, విద్వాంసుడు దాని తోబుట్టువులే. ఒక్క చిక్కుంది. అకారం చేర్చి 'వేద' అంటే ఇప్పుడు ఆడపిల్ల పేరుగా వినబడుతుంది. కాబట్టి ఈ పేరును పొల్లుతోనే రాయించండి, లేదా వేదాంత్ వంటి నిడివి పేరు పెట్టి వేద్ అని పిలవండి.

యశ్, తేజ్ ఒక జాతి. రెండూ సకారాంతాలు: యశస్ అంటే కీర్తి, తేజస్ అంటే వెలుగు, పదును, పరాక్రమం. తెలుగులో యశస్సు, తేజస్సు అని ద్విత్వం పలుకుతున్నాం కదా, అది ఆ సకారమే. 'యశ్'లో ఉన్నది తాలవ్య శకారం, శంఖంలోని శ. చాలామంది 'యష్' అని రాయిస్తున్నారు, అది తప్పు. 'తేజ్' అనే మాట హిందీ, ఉర్దూల్లో పారశీకం నుంచి కూడా వచ్చింది. అక్కడ పదునైన, వేగమైన అని అర్థం. వచ్చిన దారులు వేరైనా ఆ రెండూ చుట్టాలే, పదును అనే అర్థమున్న ఒకే పాత ధాతువు నుంచి పుట్టినవి.

'జయ'కు ధాతువు 'జి', గెలవడం. జయ్ అని రాయాలా, జై అని రాయాలా అని అడుగుతుంటారు. మూలానికి దగ్గర జయ్. జై అని రాస్తే తెలుగు కంటికి ముందుగా నినాదం కనబడుతుంది. మా మొగ్గు జయ్ వైపే. 'వీర'కు సోదర పదం లాటిన్‌లో ఉంది: 'విర్' అంటే పురుషుడు. అలాగే మీ పట్టికలో లేని 'దేవ', లాటిన్ 'దేయుస్' ఒకే కుటుంబం. మనవైపు దాని ధాతువు 'దివ్', ప్రకాశించడం.

నీల్ సంగతి వేరు. సంస్కృతంలో నీల అంటే నలుపు కలిసిన నీలిరంగు. రామాయణంలో అగ్ని అంశతో పుట్టిన వానర సేనాని పేరు నీలుడు. అటు ఐర్లాండులో నియాల్ అనే పాత పేరు నుంచి వచ్చిన నీల్ ఒకటుంది. చంద్రుడి మీద మొదట కాలుపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు అది. ఈ రెంటికీ చుట్టరికం లేదు, పలుకు మాత్రమే కలిసింది. విదేశాల్లో పెరిగే పిల్లవాడికి ఈ కలయిక మేలే చేస్తుంది, పేరు విడమరచి చెప్పే పని ఉండదు. అయితే ఇంగ్లిష్ వర్ణక్రమంలో 'ఎన్ డబుల్ ఈ ఎల్' అని రాస్తే మన నీలుడని తెలుస్తుంది, 'ఎన్ ఈ ఐ ఎల్' అని రాస్తే ఐరిష్ పేరవుతుంది. మొదటి కాగితంలో ఏది రాశారో దాన్నే చివరిదాకా ఉంచండి.

ప్రశ్న: మనవడికి 'అర్ష్' అని అనుకుంటున్నారు. సింహాసనం అని అర్థమట. నిజమేనా? (ఒక తాతగారు, రాజమహేంద్రవరం)

జవాబు: అరబ్బీలో నిజమే. అర్ష్ అంటే సింహాసనం. ఖురాన్‌లో దైవ సింహాసనానికి వాడిన మాట. ముస్లిం కుటుంబానికి అది గౌరవమైన పేరు. కానీ సంస్కృతంలో దాదాపు ఇదే పలుకుతో 'అర్శస్' ఉంది. అది మూలవ్యాధి. మనం అర్శమొలలు అనేది దాన్నే. అమరకోశంలో దానికి మరో పర్యాయపదం 'దుర్నామకం'. తెలుగువారి చెవికి ఈ సంగతి చిన్నప్పటి నుంచీ తెలిసినదే కాబట్టి బడిలో పిల్లవాడు మాటపడతాడు.

మీవాళ్లకు ఆ ధ్వని నచ్చితే తొలి అచ్చుకు దీర్ఘం ఇవ్వండి: 'ఆర్ష్'. ఋషులకు సంబంధించినది ఆర్షం. మంచి పేరు, మూలమూ స్పష్టం. ఇంగ్లిష్‌లో తప్పనిసరిగా రెండు 'ఏ'లు వేయించండి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

ఇలా ఒక్క గుర్తు తేడాతో అర్థం మారే పేర్లు పొట్టివాటిలోనే ఎక్కువ, ఎందుకంటే తప్పును మోయడానికి పక్కన మరో అక్షరం ఉండదు. 'కృష్ణ' కుదిస్తే కృష్ అవుతుంది, దాన్ని 'కృశ్' అని రాస్తే చిక్కిపోయినవాడని అర్థం. 'ధృవ్' అనేది అచ్చులో ఎంత కనబడినా తప్పే. ధకారం కింద రావత్తు, పక్కన ఉకారం కొమ్ము ఉండాలి: ధ్రువ్. స్థిరమైనదని అర్థం. మీ చేతికొచ్చే జనన ధ్రువీకరణ పత్రంలో ఉన్నది ఆ మాటే, చూసి రాసుకోవచ్చు. 'లక్ష్య' నుంచి కుదించిన 'లక్ష్' మన చెవికి నూరువేల లెక్కలా తగులుతుంది. హిందీలో గెలుపు అని అర్థమున్న 'జీత్' వింటే తెలుగులో జీతం గుర్తొస్తుంది. ఇంగ్లిష్ వైపు కూడా చూసుకోవాలి: 'హర్ష్' సంస్కృతంలో సంతోషం, ఇంగ్లిష్ అక్షరాల్లో చదివితే కఠినం. 'హర్ష' అని ఉంచితే ఆ గొడవ లేదు, ఏడో శతాబ్దపు చక్రవర్తి పేరు కూడా. అమెరికాలో 'శివ్' పలుకుకు నాటుగా చేసుకున్న కత్తి అనే వ్యావహారిక అర్థముంది; అక్కడ పెరిగేవాడికి 'శివ' మేలు.

ప్రశ్న: డల్లస్‌లో జూలైలో రాత్రి 10 గంటలకు మనవడు పుట్టాడు. ఇక్కడి పంచాంగంలో ఆ తేదీకి ఆర్ద్ర మూడో పాదమని చూశాం. 'ఙ' వచ్చింది. ఆ అక్షరంతో పొట్టి పేరు ఏముంటుంది? (ఒక అమ్మమ్మ, విజయవాడ)

జవాబు: పేరు వెతికే ముందు లెక్క సరిచూడండి. చంద్రుడు ఒక నక్షత్రంలో ఉండేది సుమారు 24 గంటలు, పాదానికి సుమారు 6 గంటలు. డల్లస్ సమయం వేసవిలో మనకన్నా పదిన్నర గంటలు వెనక, శీతకాలంలో పదకొండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 10 అంటే మనకు మర్నాటి ఉదయం 8.30. ఇక్కడి పంచాంగంలో చూడాల్సింది ఆ మర్నాటి తేదీ, ఆ సమయం. తేదీ మార్చకుండా చూసి ఉంటే కనీసం పాదం, ఒక్కోసారి నక్షత్రమే మారిపోతుంది. ఇది చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

మళ్లీ చూసినా ఆర్ద్ర మూడో పాదమే అయితే, ఆ నక్షత్రానికి కూ, ఘ, ఙ, ఛ అక్షరాలు. ఙకారంతో మొదలయ్యే మాట మనకు లేదు. అదే నక్షత్రంలోని మిగతా అక్షరాలతో పెట్టుకోవడం వాడుక. వాటితో ఒక్క పలుకు పేర్లు మాత్రం దొరకడం కష్టం, బలవంతంగా అతికించవద్దు. నక్షత్రనామం వేరు, వ్యవహారనామం వేరు. మొదటిది చెవిలో చెప్పి, రెండోది నచ్చినట్టు పెట్టుకోవచ్చు.

పాదాక్షరమే పొట్టి పేరుకు కలిసొచ్చే నక్షత్రాలూ ఉన్నాయి. రోహిణి మొదటి పాదం ఓ, కాబట్టి ఓం. మూడో పాదం వీ, కాబట్టి వీర్. మృగశిర మొదటి పాదానికి వేద్, చిత్త మూడో పాదానికి రామ్, రాజ్, అనూరాధ రెండో పాదానికి నీల్, రేవతి మొదటి పాదానికి దేవ్. జ్యేష్ఠ రెండో పాదం యా, ఉత్తరాషాఢ మూడో పాదం జా. హ్రస్వ దీర్ఘాలు పట్టించుకోని పద్ధతిలో యశ్, జయ్ వీటికి సరిపోతాయి.

ప్రశ్న: మా చర్చిలో బాబుకు యోహాను అని పేరు పెట్టారు. సర్టిఫికెట్‌లో జాన్ అని రాయించవచ్చా? రెండూ ఒకటేనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఒకటే. హీబ్రూలో యోహానాన్, 'యెహోవా దయచూపాడు' అని అర్థం. అది గ్రీకు, లాటిన్‌ల మీదుగా ఇంగ్లిష్ చేరి ఒక్క పలుకు జాన్ అయింది. తెలుగు బైబిలు తీసుకున్నది పాత రూపాన్ని, చివర మన ఉకారం చేర్చి. పాల్ పౌలు, మార్క్ మార్కు అయింది కూడా అలాగే. పౌలుస్ అంటే లాటిన్‌లో చిన్నవాడు. జేమ్స్ ఒక్కటే గుర్తుపట్టలేనంత మారింది: అది యాకోబే. అందుకే ఇంగ్లిష్ బైబిలులోని జేమ్స్ పత్రిక తెలుగులో యాకోబు పత్రిక. అంతగా వాడుకలో లేని మంచి పొట్టి పేరు సేత్. ఆదికాండము నాలుగో అధ్యాయంలోని షేతు అతనే.

చర్చి రికార్డులో యోహాను, ప్రభుత్వ రికార్డులో జాన్ ఉండటం తప్పు కాదు. కానీ బడిలో వేసేటప్పుడు బాప్తిస్మ పత్రం కాకుండా జనన ధ్రువీకరణ పత్రమే చూపండి, పేరు ఒకే దారిలో నడుస్తుంది.

కర్నూలు నుంచి మరో పాఠకుడు సైఫ్, ఫైజ్, నూర్ గురించి అడిగారు. మూడూ అరబ్బీ: సైఫ్ ఖడ్గం, ఫైజ్ సమృద్ధి, అనుగ్రహం, నూర్ వెలుగు. నూర్ ఆడపిల్లలకూ పెడతారు. సైఫ్‌లోని ఫకారానికి, ఫైజ్‌లోని జకారానికి తెలుగు లిపిలో సరైన అక్షరం లేదు. ఏడో రోజు జరిపే అకీఖా వేడుకనాడే పేరును ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో కూడా ఇంట్లో ఒక మాట అనుకోండి. ఫైజ్ చివర 'జడ్' అని కొందరు, 'జే' అని కొందరు రాస్తే తర్వాత దిద్దుకోవడం శ్రమ.

ప్రశ్న: కవలలు. లవ్, కుశ్ అని పెడదామా? (ఒక పాఠకురాలు, సిద్దిపేట)

జవాబు: పెట్టండి, కానీ వరుస చూసుకోండి. మనం లవకుశులు అంటున్నా, ఉత్తరకాండ ప్రకారం పెద్దవాడు కుశుడు. వాల్మీకి రక్ష కోసం దర్భల కట్ట ఇచ్చి, పై భాగంతో తుడిచిన పెద్దవాడికి కుశుడని, 'లవం' అనే కింది భాగంతో తుడిచిన చిన్నవాడికి లవుడని పేర్లు పెట్టాడు. లవ అంటే తునక. ముందు పుట్టినవాడు కుశ్ కావాలి. లవ్ అన్న పలుకు ఇంగ్లిష్‌లో ప్రేమ అవుతుంది, బడిలో తప్పకుండా ఆ మాట వస్తుంది. కుశ, లవ అని అకారంతో ఉంచితే మాకు ఎక్కువ ఇష్టం. ఇంకో జాగ్రత్త: కవలల పేర్లు ఇద్దరి పత్రాల్లో తారుమారు కాకుండా, పేరు నమోదు చేయించే రోజున పుట్టిన సమయంతో సరిచూసుకోండి.

ప్రశ్న: ఆసుపత్రి నుంచి పేరు లేకుండానే జననం నమోదైంది. ఇప్పుడు 'దేవ్' అని చేర్చాలి. ఇంటిపేరు పెట్టాలా, ఒక్క దేవ్ చాలా? రెండేళ్లలో విదేశం వెళ్లే ఆలోచన ఉంది. (ఒక తండ్రి, హైదరాబాద్)

జవాబు: జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతుంది. మీకు అది అయిపోయింది. పేరు చేర్చడానికి నమోదైన తేదీ నుంచి 12 నెలల వరకు రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. పట్టణాల్లో మునిసిపల్ కార్యాలయం, పల్లెల్లో పంచాయతీ కార్యాలయం. బారసాల కాగానే వెళ్లడం మంచిది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి పుట్టిన తేదీ రుజువుగా ఈ పత్రమే కావాలి: బడికి, ఆధార్‌కు, పాస్‌పోర్టుకు. ఇందులో పడిన వర్ణక్రమమే మిగతా అన్నింటికీ పాకుతుంది.

ఒక్క 'దేవ్' మాత్రం రాయించవద్దు. పొట్టి పేరుకు ఇంటిపేరు తోడు కావాలి. పాస్‌పోర్టులో రెండు గడులుంటాయి, ఇంటిపేరు ఒకటి, పెట్టిన పేరు ఒకటి. ఒకటి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో వేసి, మొదటి పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పెడతారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. తర్వాత బ్యాంకు, లైసెన్సు, బడి అన్నిచోట్లా అదే పేరుగా చలామణీ అవుతుంది. పాస్‌పోర్టు మీద ఒకే పేరున్న సందర్శకులను రానివ్వబోమని యూఏఈ కూడా 2022 నవంబరులో నిబంధన పెట్టింది.

ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి. 'కె. దేవ్' అని పత్రంలో ఉంటే పాస్‌పోర్టు దగ్గర విప్పి రాయమంటారు, అప్పుడు రెండు పత్రాలూ కలవవు.

రాయించే ముందు ఇంటిపేరుతో కలిపి రెండు వరుసల్లోనూ గట్టిగా పలికి చూడండి. మన వరుసలో ఇంటిపేరు ముందు, అక్కడ వెనక. 'దాసరి వేద్' మనకు బాగానే ఉంటుంది, తిప్పి 'వేద్ దాసరి' అంటే రెండు దకారాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. వినేవాడికి 'వే దాసరి' అనిపిస్తుంది. మీ ఇంటిపేరు వకారంతో మొదలైతే దేవ్‌కూ ఇదే చిక్కు. అచ్చుతో మొదలయ్యే ఇంటిపేరైతే పొల్లు వెళ్లి దానికి అతుక్కుంటుంది, 'దేవ్ ఆకుల' కాస్తా 'దేవాకుల' అవుతుంది. అలాంటప్పుడు మధ్యలో తాతగారి పేరో ఇష్టదైవం పేరో చేర్చి పెట్టిన పేరు గడిలోనే రాయించండి. పిలుపు దేవ్‌గానే ఉంటుంది. కార్యాలయంలో పత్రం చేతికి ఇవ్వగానే, కౌంటరు దగ్గరే నిలబడి తెలుగు గడి, ఇంగ్లిష్ గడి విడివిడిగా చదువుకోండి. తెలుగులో 'దేవ' అని పొల్లు లేకుండా పడటం తరచూ జరిగేదే. అప్పుడే చెబితే దిద్దడం తేలిక.